గొర్రె మెడ మీద రెండు వేళ్లు

మొన్న గగన్‌పహాడ్ దగ్గర సర్వీసు రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వచ్చింది. విమానం అందుకోవాల్సిన వాళ్లంతా కార్లలో కూర్చుని హారన్లు మోగిస్తున్నారు. నా క్యాబ్ డ్రైవరు తల బయటికి పెట్టి కాపరిని నాలుగు మాటలు అన్నాడు. గొర్రెలకు అదేమీ పట్టలేదు. ఒకదాని వెనక ఒకటి మా కారును రాసుకుంటూ తీరిగ్గా పోతున్నాయి. నేను అద్దం దించి, చెయ్యి చాపి, అందిన గొర్రె మెడ మీద, దవడకు కాస్త దిగువన, రెండు వేళ్లు ఆనించాను. అది ఒక్క క్షణం ఆగింది. నాడి గబగబా కొట్టుకుంటోంది.

"ఏం జూస్తున్నవ్ అక్కా?" అని కాపరి నవ్వాడు.

"ఏం లేదు" అన్నాను. కారు కదిలింది. 

అలా చూడడం నాకు ఒకాయన నేర్పారు. ఆయన పోయి ఏడాది దాటింది. పేరు ఇక్కడ రాయను. మా ఫైళ్లలో ఆయన పేరు ఒకే ఒక్కచోట ఉంది. తప్పు చేసిన మనిషిగా ఉంది. రాసింది నేనే. ఇంకోసారి రాయడానికి చెయ్యి రావడం లేదు.

మా పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను, విసుక్కోకండి. గుండెలోనో కాలిలోనో రక్తనాళం పాడైతే దాని బదులు పెట్టే గొట్టాలు తయారుచేస్తాం. లావు గొట్టాలతో పెద్ద పేచీ లేదు. పెన్సిల్ కన్నా సన్నటి వాటితోనే మా చావు. పరాయి వస్తువు తగిలితే రక్తం ఊరుకోదు. దాని మీద గడ్డకట్టి, గొట్టాన్ని మూసేస్తుంది. అందుకని లోపలి గోడకు ఒక పూత వేస్తాం, అది పరాయిదని రక్తానికి తెలియకుండా. ఆ పూత పనిచేస్తుందో లేదో మనిషికి పెట్టేముందు గొర్రె మెడలో పెట్టి చూడాలి. గొట్టాలు గగన్‌పహాడ్‌లో తయారవుతాయి. గొర్రెలు మంఖాల్ అవతల ఒక షెడ్డులో ఉంటాయి. వాటి ఆలనాపాలనా ఆయనది.

అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఎండాకాలంలో కూడా భుజం మీద మడిచిన గొంగడి. కంపెనీ ఇచ్చిన నీలం కోటు దాని మీద వేసుకునేవారు, ఒకవైపు భుజం గూని వచ్చినట్టు ఎత్తుగా కనిపించేది. "గొంగడి తీసేయండి, లోపలికి దుమ్ము వస్తుంది" అని నేను రోజూ గొణిగేదాన్ని. "తీస్త బిడ్డా" అని రోజూ అనేవారు. ఒక్కరోజూ తీయలేదు.

మాది కాకినాడ. పెద్దవాళ్లను గారు అని పిలవకపోతే మా అమ్మ నాలుక కోస్తానంటుంది. అందుకని బాబాయ్ గారూ అనేదాన్ని. ఆయనకు అది పెద్ద వేడుక. "బాబాయ్ ఒకటి, మల్ల గారు ఒకటి! గంత పెద్ద పేరు మోయనీకి నాకు తాకత్ లేదు బిడ్డా" అనేవారు. పిలిస్తే మాత్రం ముసిముసిగా నవ్వుకుంటూ పలికేవారు.

ఆయనతో నా మొదటి తగాదా లెక్క దగ్గర వచ్చింది. రోజూ పొద్దున రిజిస్టరులో గొర్రెలు ఎన్ని ఉన్నాయో రాయాలి. ఆయన అంకె చెప్పరు. జీవాలను లెక్కపెడితే దిష్టి తగులుతుందట, వాళ్ల తండ్రీ లెక్కపెట్టలేదట, తాతా లెక్కపెట్టలేదట.

"ఎన్నున్నాయి బాబాయ్ గారూ?"

"అందరున్నరు."

"అందరూ అంటే ఎంతమంది?"

"అందరంటే అందరే. ఒక్కరు లేకున్నా నాకు ఎర్కయితది, నువ్వు పరేషాన్ గాకు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చివరికి ఓడిపోయింది నేనే. ఆయన అందరున్నరు అనేవారు, నేను వెళ్లి లెక్కపెట్టి ఆరు అని రాసుకునేదాన్ని. చెవుల్లో మేము వేసిన నంబరు బిళ్లలను కూడా ఆయన పట్టించుకోలేదు. ఆయనకు ఉన్నవి ఎర్రది, తర్వాతి విడతలో వచ్చిన నల్లచెవిది, బొట్టుది, మొండిది, దొరసాని. దొరసాని ఎందుకంటే, తొట్టి కడిగి కొత్త నీళ్లు పోస్తే తప్ప మూతి పెట్టేది కాదు.

ఆపరేషన్ అయిన గొర్రెలను ప్రతి సోమవారం స్కాను చేసి, గొట్టంలో రక్తం పోతోందా లేదా చూస్తాం. ఆయనకు సోమవారాలతో పని లేదు. పొద్దున రాగానే ఒక్కొక్కదాని పక్కన గొంతుకూర్చుని, కుట్టుకు కాస్త పైన రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకునేవారు. "నడుస్తున్నది" అనేవారు. తర్వాతిదాని దగ్గరకు జరిగేవారు. నాకూ అలాగే నేర్పారు. మొదట్లో నా వేళ్లకు ఊలు తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. "గట్టిగ ఒత్తకు. ఒత్తితే నీ నెత్తురు సప్పుడే నీకు ఇనపడ్తది. ఊకె ఆనించు" అన్నారు.

ఒక గురువారం నన్ను గేటు దగ్గరే ఆపారు. "ఎర్రదానిది ఆగింది బిడ్డా. నిన్న మాపటి దాన్క నడిచింది."

"సోమవారం స్కానులో చూద్దాం లెండి" అన్నాను. సోమవారం మెషీను కూడా అదే చెప్పింది. నేను ఆయన మీద ఎగిరాను, గొట్టాన్ని ఆయనే మూసేసినట్టు. తిండిలో తేడా వచ్చిందేమో, పరిగెత్తించారేమో అని నోటికొచ్చినట్టు అన్నాను. తలవంచుకుని అంతా విన్నారు. నేను అలిసిపోయాక, "దాన్ని ఇగ ఏం జేస్తరు?" అని ఒక్కటే అడిగారు.

గొట్టం మూసుకుపోయిన గొర్రెను మా పద్ధతి ప్రకారం ఆ వారంలోనే తీసేస్తాం. మత్తిచ్చి, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి, మెడలోని గొట్టం బయటికి తీసి ఎక్కడ గడ్డకట్టిందో చూస్తాం. ఎర్రదాని తల ఆయనే ఒళ్లో పెట్టుకున్నారు. మందను పిలిచేటప్పుడు చేసే చప్పుడేదో నాలుకతో చిన్నగా చేస్తూ కూర్చున్నారు. ఆ మొదటి ఆరూ అలాగే పోయాయి. ఆరుసార్లూ ఆయనే తల పట్టుకున్నారు. ఆ రోజుల్లో అన్నం డబ్బా విప్పకుండా ఇంటికి తీసుకుపోయేవారు.

మాంసం తినని మనిషేం కాదు. ఆదివారం ఆదివారం శుభ్రంగా తినేవారు. ఒకసారి ఆ మాటే ఎత్తి, కాస్త ఎకసెక్కెంగానే, "మరి అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?" అన్నాను. ఆయన నావైపు తిరిగి చూశారు. "కోస్కోని తినుడు వేరే బిడ్డా. మీరు బాగు జేస్తమని కోస్తరు, బాగు గాలేదని సంపుతరు. గది దానికి ఎట్ల సమజయితది?" అన్నారు. నేను ల్యాప్‌టాప్ తెరిచి పని ఉన్నట్టు నటించాను.

పూత అంటే ఏమిటో చెప్పమని ఒకరోజు కూర్చోబెట్టారు. నాకు తెలిసిన తెలుగులో చెప్పాను. ఆయన విని, "గింతేనా?" అన్నారు. "ఈనంగనే తల్లి సచ్చిన పిల్ల ఉంటది. దాన్ని ఇంకో గొర్రె కాడికి ఇడిస్తే కొమ్ముతోని కుమ్ముతది, పాలియ్యది. గా గొర్రె పిల్ల గిట్ల సచ్చిపోయి ఉంటే, దాని తోలు ఒలిచి గీ పిల్లకు తొడుగుతం. వాసన జూస్తది, నాదే అనుకుంటది, ఇగ పాలిస్తది. మీరు జేస్తున్నది గదే. మీ గొట్టానికి ఏం వాసన పూసిండ్రు? మందు వాసన. దాని నెత్తురే దానికి పూయుండ్రి."

నేను పకపకా నవ్వాను. ఇంటికెళ్లి పాత పుస్తకాలు తిరగేస్తే, వెనకటి రోజుల్లో సర్జన్లు గుడ్డ గొట్టాలను కుట్టేముందు రోగి రక్తంలోనే ముంచి తీసేవారని ఉంది. మర్నాడు వెళ్లి ఆ మాట చెప్పాను. ఆయనేం మురిసిపోలేదు. "మా నాయినకు ఎర్కే" అని మేత వేయడానికి లేచారు.

తర్వాత ఆయనకే గుండెపోటు వచ్చింది. సర్కారు దవాఖానలో స్టెంటు వేశారు. మూడు వారాలకు తిరిగొచ్చారు, గొంగడితో సహా. చొక్కా జేబులోంచి మాత్రల అట్టలు తీసి నా ముందు పెట్టారు. ఒకటి తెల్లవి, ఒకటి గులాబీవి.

"నా లోపట గూడ మీ గొట్టమే పెట్టిండ్రు బిడ్డా. మరి గీ గులాబిది ఎందుకు? ఏడాది దాన్క ఒక్క దినం గూడ తప్పొద్దన్నడు డాక్టర్."

నాకు చెప్పడమంటే సరదా. అందులోనూ నా సబ్జెక్టు. "లోపల పెట్టింది ఇనుప జాలీ బాబాయ్ గారూ. దాన్ని మీ ఒళ్లు ఇంకా తనది అనుకోలేదు. మెల్లగా దాని మీద మీ సొంత పొర పెరుగుతుంది. అందాకా రక్తం దాని మీద గడ్డకట్టకుండా ఈ మాత్ర కాపలా కాస్తుంది" అన్నాను.

ఆయన అట్టను తిప్పి తిప్పి చూశారు. "మరి మన గొర్లకు గిది ఎందుకు ఇస్తలేరు?"

"ఇస్తే పనిచేసింది మా పూతో మాత్రో ఎలా తెలుస్తుంది? ఇవ్వకూడదు. అది రూలు."

మాత్రల అట్టలు మళ్లీ జేబులో పెట్టుకున్నారు. షెడ్డులో అప్పటికి రెండో విడత వచ్చింది. అవే నల్లచెవిది, బొట్టుది, మొండిది, దొరసాని. కొత్త పూతతో నాలుగింటికీ ఆపరేషన్ అయి వారమే అయింది. ఆయన వాటివైపు చూస్తూ అడిగారు.

"ఆగినయాటిని సంపుతరు. మరి నడిచినయాటిని ఏం జేస్తరు బిడ్డా?"

నాకు జవాబు తెలుసు. నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. ఆరు నెలలు నిండాక, నడిచినా ఆగినా, అన్నిటికీ ఇంజెక్షనే. గొట్టం కోసి లోపల చూడందే ఎవరూ మా మాట నమ్మరు. ఆ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? గుండెపోటు నుంచి లేచొచ్చిన మనిషితో ఇప్పుడెందుకులే అనుకున్నాను. అదొక్కటే కాదు, ఆయన మళ్లీ నా మొహంలోకి అలా చూస్తారని భయం కూడా.

"చూద్దాం బాబాయ్ గారూ, ముందు నడవనివ్వండి" అన్నాను.

"నడుస్తయి" అన్నారాయన.

నడిచాయి. నెల, రెండు నెలలు, మూడు నెలలు. ప్రతి సోమవారం నాలుగింటి స్కానుల్లోనూ రక్తం నిక్షేపంలా పోతూ కనిపించింది. మా డైరెక్టరు, ఎన్నడూ షెడ్డు మొహం చూడని మనిషి, మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆర్నెల్ల తర్వాత మనుషుల్లో పరీక్షకు అనుమతి అడుగుదామన్నాడు. నేనైతే గాల్లో తేలుతున్నాను. బాబాయ్ గారి చేతిలో లడ్డూ పెడితే తినలేదు, కోటు జేబులో వేసుకున్నారు. "దొరసానికి తీపంటే పానం" అన్నారు. గొర్రెకు లడ్డూ పెడితే ఊరుకోనని బెదిరించాను. వాటికి పొద్దునపూట తవుడులో చిన్న బెల్లం ముక్క నలిపి పెట్టే అలవాటు ఆయనకు ఉండేది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేశాను.

నాలుగో నెలలో ఆయన ఆలస్యంగా రావడం మొదలైంది. బస్సు దిగి షెడ్డు దాకా నడవడానికి మధ్యలో రెండుచోట్ల కూర్చుంటున్నారట. ఒకరోజు చెమటతో తడిసి వచ్చారు. నేను గడియారం చూపించాను. సిగ్గు లేకపోతే సరి, అంత చెమట కళ్ల ముందు కనిపిస్తుంటే గడియారం చూపించాను.

"మందులు వేసుకుంటున్నారా?" అని కూడా అడిగాను, అడగాలి కాబట్టి.

"ఏస్కుంటున్న బిడ్డా, మర్వకుంట."

తర్వాత గోడ పట్టుకుని వెళ్లి, నల్లచెవిదాని పక్కన కూర్చుని, రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నారు. "నడుస్తున్నది" అన్నారు. ఆయన నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే. మర్నాడు పొద్దున శ్రీశైలం రోడ్డు మీద బస్సు కోసం నిలబడి, నిలబడ్డచోటే కూలిపోయారు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. స్టెంటు మూసుకుపోయి ఉంటుందన్నారు దవాఖానలో.

పదకొండో రోజు అయ్యాక ఆయన భార్య షెడ్డుకు వచ్చింది, కంపెనీ కోటు తిరిగి ఇవ్వడానికి. ఉతికి, మడిచి తెచ్చింది. దాంతోపాటు ఒక చిన్న స్టీలు డబ్బా.

"గా దినం సంచిల ఉండె బిడ్డా. జీవాలకు పెట్టేదేమో అని తెచ్చిన. ఆయన తెల్ల గోలీలు ఇంట్లనే ఏస్కునెటోడు. గులాబియి పని కాడ ఏస్కుంట అని దినాం గీ డబ్బల ఏస్కోని పోతుండె."

మూత తీశాను. తవుడు, బెల్లం కలిపిన ఉండలు రెండు ఉన్నాయి, ఎండి పగిలిపోయి. పగుల్లోంచి గులాబీ రంగు కనిపిస్తోంది. ఒక్కోదానిలో సగం మాత్ర. ఒక మాత్ర రెండు ముక్కలు. ఈ రోజు రెండు గొర్రెలకు, రేపు మిగతా రెండింటికి. నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మూత పెట్టేశాను.

"గొర్లు మంచిగున్నయా బిడ్డా?" అని ఆమె అడిగింది. "ఇంట్ల దినాం వాటి ముచ్చటే. ఆగకుంట నడుస్తున్నయి, ఇగ వాటిని సంపరు అని మస్తు సంబురపడుతుండె."

"బాగున్నాయమ్మా" అన్నాను. డబ్బాలో ఏముందో ఆమెకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మా పశువైద్యుడికి చూపించాను. ఆయన ఉండను చిదిపి చాలాసేపు చూశాడు. "నాలుగు అరల కడుపు ఉన్న జీవానికి రోజు విడిచి రోజు అర మాత్ర! అది రక్తం దాకా చేరుతుందో లేదో కూడా చెప్పలేం మేడమ్. ఏ పనీ చేయకపోయి ఉండొచ్చు" అన్నాడు. అంటే ఆ నాలుగు గొట్టాలూ మా పూత వల్లే నడుస్తూ ఉండొచ్చు. బాబాయ్ గారు ఊరికే చచ్చిపోయి ఉండొచ్చు. 

చెప్పకుండా దాచేయొచ్చు. డబ్బాలో ఏముందో తెలిసింది నాకూ పశువైద్యుడికే. దాచితే ఆ గొట్టం రేపు ఎవరి కాలిలోనో పెడతారు. నిజంగా పనిచేసింది మాత్రే అయితే ఆ మనిషి గతేమిటి? కూర్చుని రిపోర్టు రాశాను. సంరక్షకుడు అనుమతి లేని మందు ఇచ్చాడని, ఈ విడత ఫలితాలు చెల్లవని రాసి, ఆయన పేరు రాసి, కింద నా సంతకం పెట్టాను. ఆయన ఎందుకిచ్చారో రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. నేను ఏం చెప్పలేదో రాయడానికీ లేదు.

ఫలితాలు చెల్లకపోతే గొర్రెలను వదిలేయొచ్చు కదా అని డైరెక్టరును అడిగాను. బతిమాలాను. మెడలో మన గొట్టంతో ఒక్క జీవం కూడా గేటు దాటడానికి వీల్లేదన్నాడు. కనీసం లోపల ఎలా ఉందో మనకైనా తెలియాలి కదా అన్నాడు. అదీ నిజమే, ఏం చేస్తాం.

ఇంజెక్షన్లు ఇచ్చే రోజు తల పట్టుకోవడానికి ఆయన లేరు. నేనే పట్టుకున్నాను. మత్తు ఇవ్వకముందు నాలుగింటి మెడల మీదా రెండు వేళ్లు ఆనించి, ఒత్తకుండా, కళ్లు మూసుకున్నాను. నల్లచెవిది నడుస్తోంది. బొట్టుది నడుస్తోంది. మొండిది, దొరసాని, రెండూ నడుస్తున్నాయి.

"ఎన్ని మేడమ్?" అన్నాడు పశువైద్యుడు, రిజిస్టరు తెరిచి.

"అందరూ ఉన్నారు" అన్నాను. ఆయన నావైపు చూసి, తానే లెక్కపెట్టి రాసుకున్నాడు.

మూడు గొట్టాల్లో అక్కడక్కడా చిన్న గడ్డలు ఉన్నాయి. దొరసాని గొట్టం కోసి తెరిస్తే మాత్రం లోపల ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి, తడి మెరుపుతో ఒక పొర. దొరసాని ఒంట్లో పెరిగిన సొంత పొర అది. గొట్టాన్ని అది తనదే అనుకుంది. పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అలాంటిది ఒక్కటి చూడాలని ఎంత ఎదురుచూశానో. అది ఇప్పుడు మా అల్మారాలో సీసాలో ఉంది. ఏ కాగితంలోనూ దాని ఊసు ఉండదు. పూత చేసిందో, మాత్ర చేసిందో ఎవరమూ చెప్పలేం.

నడిచినవాటిని ఏం చేస్తారని అడిగారు కదా బాబాయ్ గారూ. నడిచినా చంపుతాం. ఆ రోజే ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే గులాబీ మాత్ర మీరే వేసుకునేవారు.